ఆల్‌ఫ్రెస్కోకు అద్దాలు బిగిస్తున్నారా? స్టార్ రేటింగ్‌లో దాన్ని ఎలా చూపించాలి

మెల్‌బోర్న్ పడమటి వైపు, టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్ చుట్టుపక్కల ఇళ్లు కట్టుకుంటున్న మనవాళ్ల ప్లాన్లు నా దగ్గరికి వస్తుంటాయి. వెనక ఆల్‌ఫ్రెస్కో లేని ప్లాన్ చాలా తక్కువ. ఊళ్లో పెరటి వసారా ఎలాగో ఇక్కడ ఇదీ అలాగే. పైన కప్పు, కింద టైల్స్, ఒకటి రెండు వైపులు ఖాళీ. ఇంట్లో దిగాక మొదటి చలికాలం గడిచేసరికి అందరికీ ఒకటే ఆలోచన: "గాలి కొట్టేస్తోందన్నా, చుట్టూ అద్దాలు పెట్టిస్తే ఇంకో గది వచ్చేస్తుంది కదా?"

ఇంకొందరు ముందుచూపున్నవాళ్లు. కట్టకముందే బిల్డర్‌తో మాట్లాడుకుని, ప్లాన్‌లో మాత్రం ఆల్‌ఫ్రెస్కో అన్న పేరు అలాగే ఉంచేస్తారు. పేరు మార్చకపోతే రేటింగ్ మారదని ధీమా. ఇంటికి ఎన్ని స్టార్లో లెక్క కట్టే ఎనర్జీ అసెసర్‌కు పేరుతో పని లేదు. గోడ ఎక్కడుంది, తలుపు ఎక్కడుంది, అద్దం ఎంత ఉంది, అదే చూస్తాడు.

రేటింగ్ సంగతి రెండు ముక్కల్లో చెప్పి పనిలోకి వెళ్దాం. ఆస్ట్రేలియాలో ఇంటికి ఇచ్చే స్టార్లు నాథర్స్ అనే పథకం కింద వస్తాయి. సున్నా నుంచి 10 దాకా. దేశాన్ని 69 వాతావరణ మండలాలుగా విడదీశారు. మీ ఇంటి నమూనాను సాఫ్ట్‌వేర్‌లో కట్టి, ఏడాదిలోని 8,760 గంటలూ గంటగంటకూ లోపల ఎంత వేడి, ఎంత చలి ఉంటుందో లెక్క వేస్తారు. లోపల హాయిగా ఉండాలంటే చదరపు మీటరుకు ఏడాదికి ఎన్ని మెగాజౌళ్ల వేడి ఇవ్వాలి, ఎన్ని తీసేయాలి అన్నది బట్టి స్టార్లు. లెక్క చేసే ఇంజిన్ ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్‌ఓది. అసెసర్ వాడే సాఫ్ట్‌వేర్ ఫస్ట్‌రేట్5 కావచ్చు, అక్యురేట్, బెర్స్ ప్రో, హీరో కావచ్చు. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో కొత్త ఇళ్లకు 2024 మే 1 నుంచి 7 స్టార్లు తప్పనిసరి. 6 ఉన్న రోజుల్లో ఆల్‌ఫ్రెస్కో విషయంలో తప్పు జరిగినా కొంత సర్దుకునేది. ఇప్పుడు అర స్టారు కోసం కిటికీలు మార్చుకోవాల్సి వస్తోంది.

మొదటి పని: ఎర్ర పెన్నుతో గీత గీయండి

ఫ్లోర్ ప్లాన్ ఒకటి ప్రింట్ తీసుకోండి. ఎర్ర పెన్ను పట్టుకుని, మీరు హీటర్ వేసుకుని కూర్చునే భాగం చుట్టూ పెన్ను ఎత్తకుండా గీత గీయండి. ప్రతి గోడ మీదుగా, ప్రతి కిటికీ మీదుగా, తలుపుల మీదుగా వెళ్లాలి. గ్యారేజ్ బయట ఉండిపోతుంది. ఆల్‌ఫ్రెస్కో దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగుతుంది. గీత లివింగ్ రూమ్ స్లైడింగ్ డోర్ మీదుగా పోవాలా, కొత్తగా పెట్టే అద్దాల మీదుగా పోవాలా?

ఆ ఒక్క నిర్ణయం మీరు తీసుకుంటే మిగతాదంతా లెక్కే. తీసుకోకపోతే ప్లాన్ గీసే డ్రాఫ్టర్ ఒకటి అనుకుంటాడు, అసెసర్ ఇంకోటి, ఇన్సులేషన్ వేసే కుర్రాళ్లు మూడోది. గీత ఎక్కడుంటే అక్కడ ఇన్సులేషన్ ఉండాలి, మంచి అద్దం ఉండాలి, సందులు మూసుకుని ఉండాలి. నేను చూసిన చెడ్డ కేసులన్నిట్లోనూ గీత సగం ఇక్కడ, సగం అక్కడ ఉంటుంది. కింద అద్దాల దాకా వచ్చి, పైన అటకలో పాత గోడ దగ్గరే ఆగిపోతుంది.

రెండో పని: మీది ఏ రకమో తేల్చుకోండి

పూర్తిగా తెరిచి ఉన్న ఆల్‌ఫ్రెస్కో అయితే రేటింగ్‌లో అది గది కాదు, గొడుగు. దాని వెనకున్న కిటికీలకు నీడ ఇచ్చే కప్పుగా, పక్క గోడలు ఉంటే పక్క నీడగా లెక్కలోకి వస్తుంది. అంతే.

కఫే బ్లైండ్లు, అంటే పైనుంచి కిందికి చుట్ట విప్పే పారదర్శక ప్లాస్టిక్ తెరలు. వీటిని గోడగా చూపించమని అడక్కండి. వాన జల్లు ఆపుతాయి, కూర్చున్నవాళ్ల వీపుకు గాలి తగలనివ్వవు. కానీ అంచుల్లోంచి గాలి పోతూనే ఉంటుంది, పైగా విప్పాలో చుట్టాలో ఆ రోజు మీ ఇష్టం. గీత లివింగ్ డోర్ దగ్గరే ఉంటుంది. దోమల మెష్ కూడా ఇంతే.

మూడోది అద్దాల గది, మధ్య తలుపుతో. చుట్టూ అల్యూమినియం ఫ్రేముల్లో అద్దాలు, పైన కప్పు, లివింగ్‌కీ దీనికీ మధ్య పాత స్లైడింగ్ డోర్ అలాగే ఉంది, లోపల హీటర్ గానీ ఏసీ గానీ లేదు. ఇది ఇంటికి అతుక్కున్న వేరే జోన్. వేడి, చల్లదనం ఇవ్వని గదిగా మోడల్ చేస్తారు. మన ఎర్ర గీత ఇప్పటికీ మధ్య తలుపు మీదుగానే పోతుంది. బయటి అద్దాలు గీతకు అవతల నిలబడ్డ కాపలా లాంటివి.

నాలుగోది: మధ్య తలుపు తీసేశారు, లేదా అక్కడ స్ప్లిట్ ఏసీ పెట్టారు. అప్పుడు అది అచ్చంగా లివింగ్ రూమే. గీత బయటి అద్దాల మీదికి వెళ్తుంది. కప్పులో, గోడల్లో, అద్దాల్లో ఇంటికి ఉన్న ప్రమాణాలన్నీ దానికీ ఉండాలి. ఏసీ యూనిట్‌ను ప్లాన్‌లో చూపించకుండా "తర్వాత పెట్టుకుంటాంలే" అనేవాళ్లు ఉంటారు. ఎలక్ట్రికల్ ప్లాన్‌లో ఆ గోడ మీద ఒక పాయింట్ విడిగా కనిపిస్తే అసెసర్ అడుగుతాడు. అడగాలి కూడా.

బ్రిస్బేన్ వైపు ఉన్నవాళ్లకు ఒక మాట. అక్కడి వేడి ప్రాంతాల్లో ఔట్‌డోర్ లివింగ్ ఏరియా ఉంటే రేటింగ్‌లో కాస్త సడలింపు ఇచ్చే పద్ధతి ఉండేది. 2019 నాటి జాతీయ నిర్మాణ కోడ్‌లో 1, 2 క్లైమేట్ జోన్లకు (ఇవి పైన చెప్పిన 69 మండలాలు కావు, కోడ్‌లోని వేరే విభజన) 6 స్టార్ల బదులు 5.5, సీలింగ్ ఫ్యాన్ కూడా ఉంటే 5. ఆ సడలింపు గాలి ఆడే జాగాకు ఇచ్చింది. అలాంటిదాన్ని చూపించి అనుమతి తెచ్చుకుని, తర్వాత అద్దాలు బిగించేస్తే ఆ వాదన అక్కడితో పోతుంది.

మూడో పని: ఎండ ఎక్కణ్ణుంచి వస్తుందో చూసుకోండి

మనకు చిన్నప్పటి నుంచి దక్షిణపు గోడ కాగుతుందని అలవాటు. ఇక్కడ తిరగబడుతుంది. భూమధ్యరేఖకు కింద ఉన్నాం కాబట్టి మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరం వైపు ఉంటాడు. వాస్తు చూసుకుని తూర్పు సింహద్వారం పట్టుబట్టి తీసుకున్న ప్లాటులో వెనక ఆల్‌ఫ్రెస్కో చాలాసార్లు పడమటికి తిరిగి ఉంటుంది. ఈ సంగతి చివర్లో మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

ముందు ఉత్తరం వైపు ఉన్నదాన్ని చూద్దాం. మెల్‌బోర్న్‌లో జూన్ చివర్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సుమారు 29 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. డిసెంబర్ చివర్లో దాదాపు 76. మీ ఆల్‌ఫ్రెస్కో 3 మీటర్ల లోతు, ముందు దూలం అడుగు భాగం నేల నుంచి 2.4 మీటర్ల ఎత్తు అనుకోండి. 29 డిగ్రీల ఎండ ఆ దూలం కింది నుంచి దూరి 3 మీటర్లు లోపలికి వచ్చేసరికి దాదాపు 1.65 మీటర్లు కిందికి దిగిపోతుంది. అంటే లివింగ్ డోర్ అద్దం మీద నేల నుంచి 75 సెంటీమీటర్ల దాకానే ఎండ పడుతుంది. 2.4 మీటర్ల అద్దంలో మూడో వంతు కూడా లేదు. నడి చలికాలంలో ఉచితంగా వచ్చే వేడిలో మిగతా రెండు వంతులు కప్పే మింగేసింది. వేసవిలో మాత్రం ఆ తలుపు మీద మధ్యాహ్నం ఎండ చుక్క కూడా పడదు.

లోతు 4 మీటర్లు చేస్తే? చలికాలపు ఎండ 20 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. పార్టీలకు పెద్దగా ఉండాలని ఆల్‌ఫ్రెస్కోను లోపలికి పెంచేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. లోతు తగ్గించి వెడల్పు పెంచుకుంటే కుర్చీలు అన్నే పడతాయి, ఎండా వస్తుంది.

ఇప్పుడు దాని ముందు ఇంకో వరస అద్దాలు పెట్టారనుకోండి. వచ్చే ఆ కాస్త ఎండా ముందు బయటి అద్దంలో కొంత పోగొట్టుకుని, అద్దాల గది టైల్స్‌ను వేడి చేసి, ఆ తర్వాత లోపలి తలుపు దాకా వస్తుంది. అద్దాల గది మధ్యాహ్నం వెచ్చగా ఉంటుంది, నిజమే. లివింగ్ రూమ్‌కు నేరుగా పడే ఎండ తగ్గుతుంది, ఇదీ నిజమే. రెండిట్లో ఏది గెలుస్తుందో మాటల్లో తేలదు. మోడల్ నడపాల్సిందే.

నాలుగో పని: మధ్య తలుపును కాపాడుకోండి

నన్ను అడిగితే గైడ్ మొత్తంలో ముఖ్యమైన పని ఇదే. బిల్డర్ షోరూమ్‌లో అందరూ ముచ్చటపడేది ఓపెన్‌గా ఉండే ఇంటిని చూసే. అద్దాల గది ఎలాగూ వస్తోంది కదా, మధ్యలో తలుపు దండగ, ఆ డబ్బు మిగుల్చుకుందాం అనిపిస్తుంది. తలుపు తీసిన క్షణమే మీ ఎర్ర గీత ఎగిరి బయటి అద్దాల మీద పడుతుంది.

అప్పుడేమవుతుందో చిన్న లెక్క. 4 మీటర్లు, 3 మీటర్లు ఉన్న రెండు తెరిచిన వైపులకు 2.1 మీటర్ల ఎత్తు అద్దాలు పెట్టారు. సుమారు 15 చదరపు మీటర్లు. మామూలు అల్యూమినియం ఫ్రేములో ఒంటి పొర అద్దానికి యూ వాల్యూ 6.7 ప్రాంతంలో ఉంటుంది. అంటే లోపలికీ బయటికీ ఒక్క డిగ్రీ తేడా ఉన్నా చదరపు మీటరు నుంచి 6.7 వాట్ల వేడి పోతుంది. జూలై రాత్రి లోపల 20, బయట 10 అనుకుంటే తేడా పది. 15ను 6.7తో, 10తో గుణిస్తే వెయ్యి వాట్లు దాటింది. చిన్న ఫ్యాన్ హీటర్ ఒకటి రాత్రంతా ఆ అద్దాల కోసమే తిరుగుతున్నట్టు. అదే జాగాలో ఆర్ 2.5 ఇన్సులేషన్ (ఆర్ అంటే వేడిని ఆపే శక్తికి కొలత) ఉన్న గోడ అయితే అందులో పదిహేనో వంతు కూడా పోదు.

అందుకే మధ్య తలుపు ఉంచండి. ఉంచడమే కాదు, దాన్ని ఇంకా బయటి తలుపుగానే చూడండి. డబుల్ గ్లేజింగ్, అంటే రెండు పొరల అద్దం, తీసెయ్యొద్దు, అంచుల సీళ్లు తీసెయ్యొద్దు, ఆ గోడలో ఇన్సులేషన్ మానెయ్యొద్దు. "లోపలి గోడే కదా" అని అక్కడ కోత పెట్టమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. రాత్రి తొమ్మిదింటికి అద్దాల గదిలోకి చెప్పుల్లేకుండా ఒక్కసారి అడుగు పెట్టి చూడమనండి, ఆ గోడ లోపలిదో బయటిదో పాదాలే చెబుతాయి.

ఐదో పని: అసెసర్‌కు ఏం పంపాలి

ఒక్క ఫ్లోర్ ప్లాన్ పంపి రేటింగ్ చేయమంటే అసెసర్ మళ్లీ మళ్లీ ఫోన్ చేస్తాడు, లేదా సాఫ్ట్‌వేర్‌లో ఉండే డిఫాల్ట్ విలువలు పెట్టేస్తాడు. అవి సాధారణంగా మీకు లాభం చేసేవి కావు. ఎలివేషన్లు (ఇంటిని బయటి నుంచి చూపే బొమ్మలు), సెక్షన్ (ఇంటిని నిలువుగా కోసినట్టు చూపే బొమ్మ), విండో షెడ్యూల్ (కిటికీల పట్టిక), ఎలక్ట్రికల్ ప్లాన్ తప్పకుండా జతచేయండి. అద్దాల గది విషయంలో ప్రత్యేకంగా రాసి ఇవ్వాల్సినవి ఇవి: బయటి అద్దాలు ఒంటి పొరా, రెండు పొరలా, ఫ్రేము ఏది, వాటిలో తెరుచుకునేవి ఎన్ని, ఎంత తెరుచుకుంటాయి, కప్పు ఇంటి కప్పులో భాగమా, విడిగా వేసిన ప్యానెలా, పాలికార్బొనేటా (వెలుతురు దూరే ప్లాస్టిక్ షీటు), దాని పైన ఇన్సులేషన్ ఎంత, కప్పు రంగు సర్ఫ్‌మిస్ట్ లాంటి లేతదా, మాన్యుమెంట్ లాంటి ముదురుదా, నేల ఇంటి స్లాబ్‌తో కలిసిందా, విడిగా పోసిందా, మధ్య తలుపు ఏది, డౌన్‌లైట్లు ఎన్ని, సీలింగ్ ఫ్యాన్ ఉందా, ఎంత సైజు.

పాలికార్బొనేట్ అయితే మరీ స్పష్టంగా చెప్పండి. దాన్ని మామూలు కప్పుగా చూపిస్తే రేటింగ్ అందంగా వస్తుంది, కాగితం మీద.

ఆరో పని: ఒకే ఇల్లు, మూడు రన్లు

ఫీజు కొంచెం ఎక్కువైనా ఫర్వాలేదు, మూడు రకాలుగా నడపమని అడగండి. ఒకటి తెరిచిన ఆల్‌ఫ్రెస్కో. రెండు అద్దాల గది, మధ్య తలుపుతో, హీటర్ లేకుండా. మూడు లివింగ్‌లో కలిపేసింది. మూడింటికీ స్టార్లు మాత్రమే అడక్కండి. హీటింగ్ లోడ్ (ఏడాదికి ఇవ్వాల్సిన వేడి), కూలింగ్ లోడ్ (తీసేయాల్సిన వేడి) విడివిడిగా అడగండి. అసలు కథ వాటిలోనే ఉంటుంది.

రెండో రన్‌లో హీటింగ్ కాస్త తగ్గి కూలింగ్ బాగా పెరిగితే, అద్దాల గది వేసవిలో ఓవెన్ అవుతోందన్న మాట. అప్పుడు మందు అద్దాలు తీసేయడం కాదు. తెరుచుకునే భాగం పెంచి, ఎదురెదురుగా పెట్టి గాలి దారి ఇవ్వండి. బయటి వైపు నీడ పెట్టండి. లోపలి కర్టెన్ కంటే బయటి బ్లైండ్ ఎన్నో రెట్లు మేలు. అద్దం దాటి లోపలికి వచ్చిన ఎండ మళ్లీ బయటికి పోవడం కష్టం.

పడమటి ఆల్‌ఫ్రెస్కో సంగతి ఇక్కడికే వాయిదా వేశాను. జనవరిలో డేలైట్ సేవింగ్ వల్ల సాయంత్రం ఏడున్నరకు కూడా ఎండ వాలి అద్దంలోకి సూటిగా కొడుతుంది. పై కప్పు దానికి అడ్డం రాదు, అంత కిందికి ఉంటాడు సూర్యుడు. 2009 ఫిబ్రవరి 7న మెల్‌బోర్న్‌లో 46.4 డిగ్రీలు నమోదయ్యాయి. అంత కాకపోయినా 40 దాటే రోజులు అప్పుడప్పుడూ చూస్తూనే ఉన్నాం, సంక్రాంతి కూడా అప్పుడే కదా. పడమటి వైపు గాజు గది పెట్టుకోవద్దనే నా సలహా. తప్పదంటే పడమటి వైపు గట్టి గోడ కట్టి, అద్దం ఉత్తరానికో దక్షిణానికో తిప్పండి.

మూడో రన్ చూసి కొందరు మోసపోతారు. లోడ్‌ను భాగించేది వేడి, చల్లదనం ఇచ్చే విస్తీర్ణంతో. అద్దాల గది లివింగ్‌లో కలిస్తే ఆ విస్తీర్ణం 12 చదరపు మీటర్లు పెరుగుతుంది కాబట్టి చదరపు మీటరుకు వచ్చే అంకె అనుకున్నంత ఘోరంగా కనిపించకపోవచ్చు. కరెంటు బిల్లు చదరపు మీటర్ల లెక్కన రాదు, మొత్తంగా వస్తుంది. అంకెను విస్తీర్ణంతో గుణించి చూసుకోండి.

ఏడో పని: సర్టిఫికెట్ చేతికొచ్చాక

పైనున్న స్టార్లు చూసి మూసేయకండి. కండిషన్డ్ (వేడి, చల్లదనం ఇచ్చేది), అన్‌కండిషన్డ్ (ఇవ్వనిది) విస్తీర్ణాలు విడివిడిగా రాసి ఉంటాయి. మీ అద్దాల గది 12 చదరపు మీటర్లు ఏ వరసలో కలిసిందో చూడండి. తర్వాత కిటికీల పట్టికలో మధ్య తలుపు, బయటి అద్దాలు రెండూ ఉన్నాయో లేదో. కప్పు పట్టికలో ఆ గది మీద ఎంత ఆర్ వాల్యూ రాశారో. ప్లాన్ల మీద అసెసర్ ముద్ర ఉంటుంది. ఆ ముద్ర ఉన్న ప్లానూ, బిల్డర్ సైట్‌లో పెట్టుకున్న ప్లానూ ఒకటే వెర్షనా చూడండి. కాంట్రాక్టులో వేరియేషన్ (మార్పు) కాగితం మీద సంతకం పెట్టి స్లైడింగ్ డోర్ తీసేయించి, అసెసర్‌కు చెప్పడం మర్చిపోయిన ఇల్లు ఒకటి నాకు తెలుసు. ఫైనల్ తనిఖీ దగ్గర ఆగిపోయింది. గృహప్రవేశం కార్డులు అప్పటికే పంచేశారు. ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

ఇల్లు ముందే ఉండి, ఇప్పుడు అద్దాలు పెడుతుంటే

ఇది వేరే కథ. తెరిచిన ఆల్‌ఫ్రెస్కోను గదిగా మారిస్తే దాని హోదానే మారుతుంది, బిల్డింగ్ పర్మిట్ సంగతి వస్తుంది. అద్దాలు పెట్టేవాడు "ఏం అక్కర్లేదు" అంటాడు. అతన్ని కాదు, పర్మిట్ ఇచ్చే బిల్డింగ్ సర్వేయర్‌ను అడగండి. సర్వేయర్ దగ్గరికి వెళ్లే ముందు మీరే మూడు చూసుకోవచ్చు.

ఒకటి, నేల. ఆల్‌ఫ్రెస్కో స్లాబ్ చాలాసార్లు ఇంటి స్లాబ్ కంటే కిందికి ఉంటుంది, వాన నీళ్లు పోయేలా వాలు కూడా ఉంటుంది. ఇటుక గోడ అడుగున చిన్న నిలువు సందులు వదిలి ఉంటారు, గోడలోని తేమ బయటికి పోవడానికి. నేల ఎత్తు పెంచే ఉత్సాహంలో వాటిని పూడ్చేయకండి.

రెండు, వెనక్కి తెరుచుకునే పడగ్గది కిటికీ ఏదైనా ఉందా. గదికి వెలుతురిచ్చే కిటికీ నేల విస్తీర్ణంలో కనీసం 10 శాతం, గాలికి తెరుచుకునే భాగం 5 శాతం ఉండాలన్నది మామూలు నియమం. అద్దాలు పెట్టాక ఆ కిటికీ ఆకాశంలోకి కాదు, ఇంకో గదిలోకి తెరుచుకుంటుంది. ప్లాన్ మీద ఆ కిటికీకి గుర్తు పెట్టి, సర్వేయర్‌ను ముందే అడగండి.

మూడు, పొయ్యి. మనవాళ్లు ఇంట్లో పోపు వాసన పట్టకుండా ఆల్‌ఫ్రెస్కోలో గ్యాస్ బర్నర్ పెట్టుకుంటారు. చేపల వేపుడు, పూరీలు, వినాయక చవితి ఉండ్రాళ్లు అన్నీ అక్కడే. తెరిచి ఉన్నంతకాలం మంచి ఏర్పాటే. అద్దాలు మూశాక ఆ బర్నర్ గానీ బార్బెక్యూ గానీ అక్కడ వెలిగించకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. వంట అక్కడే కావాలంటే ఇండక్షన్‌కు మారి, పొగ బయటికి లాగే హుడ్ పెట్టించండి. ఆ కరెంటు లైను గురించి ఎలక్ట్రీషియన్‌తో అద్దాల ఆర్డర్‌కు ముందే మాట్లాడండి.

చివరిగా, నిచ్చెన ఎక్కండి

కొత్త ఇల్లయినా పాతదైనా, ప్లాస్టర్ పనయ్యాక తాళాలు తీసుకునే ముందు, సీలింగ్‌లోని మ్యాన్‌హోల్ మూత తెరిచి ఫోన్ టార్చ్ వేయండి. పసుపో గులాబీయో రంగు ఇన్సులేషన్ బ్యాట్లు పరుపుల్లా పరచి కనిపిస్తాయి. ఆల్‌ఫ్రెస్కో వైపు వెలుగు తిప్పండి. చాలా ఇళ్లలో ఆ పరుపు లివింగ్ గోడ గీత దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోయి, అవతల ఒట్టి ప్లాస్టర్ షీటు వెనక భాగం బూడిద రంగులో కనిపిస్తుంది. తెరిచిన ఆల్‌ఫ్రెస్కో అయితే అది సరైనదే. సర్టిఫికెట్‌లో అద్దాల గది కప్పుకు ఇన్సులేషన్ రాసి ఉండి, ఇక్కడ షీటు కనిపిస్తే ఫొటో తీసి ఆ రాత్రే బిల్డర్‌కు మెయిల్ పెట్టండి, సర్టిఫికెట్‌లోని ఆ పేజీ జతచేసి.